రాయబారం పద్యాలకు ట్రాక్ పెట్టొచ్చా? హార్మోనిస్టు దొరకడం లేదు

మియాపూర్ మేడ · ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు, తెలియనివాళ్ల కోసం మళ్లీ చెప్తున్నాను. మేం ఏడుగురం. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. ఆదివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ మేడ మీద కూర్చుని నాటక పద్యాలు పాడుకుంటాం, రెండేళ్లుగా ఇదే అలవాటు. ఈసారి ధైర్యం చేసి మా కమ్యూనిటీ హాల్లో కృష్ణ రాయబారం సీను వేద్దామనుకున్నాం, కౌరవ సభ ఒక్కటే, నలభై అయిదు నిమిషాలు. వచ్చే నెల నాలుగో శనివారం. హాలు కూడా బుక్ చేసేశాం. నేను దుర్యోధనుడు, మల్కాజిగిరి టీచర్ గారు కృష్ణుడు.

మా హార్మోనిస్టు గారు కూతురి పురిటికి విశాఖ వెళ్లారు, మూడు నెలల దాకా రారు. వేరేవాళ్ల కోసం తిరిగాను. బాగా వాయించేవాళ్లు కొద్దిమందే ఉన్నారు, వాళ్లకి శని ఆదివారాలు ముందే నిండిపోతాయి. ఇంతలో ఆఫీసు ఫ్రెండ్ ఒకతను నా పద్యాలన్నీ కీబోర్డు మీద వాయించి రికార్డు చేసి ఇచ్చాడు. మంచి మనసుతో చేశాడు, సౌండ్ కూడా బాగుంది.

నిన్న ఆ ట్రాక్ పెట్టుకుని పాడి చూశాను. మొదటి రెండు పాదాలు బాగానే వచ్చాయి. మూడో పాదంలో ఒకచోట రాగం తీయడం నాకు అలవాటు, తీశాను, ఈలోగా ట్రాక్ నాలుగో పాదంలోకి వెళ్లిపోయింది. మళ్లీ పాడితే ఈసారి నేనే ముందు పూర్తి చేసి దాని కోసం ఆగాల్సి వచ్చింది. అలా పదకొండుసార్లు పాడాను. పదకొండోసారి సరిగ్గా కుదిరింది కానీ అప్పుడు నేను కృష్ణుడికి జవాబు చెప్పడం లేదు, మనసులో సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాను. రాత్రి పడుకున్నా అదే టెన్షన్.

ట్రాక్‌తో అలవాటు చేసుకోమంటారా, నాటకం వాయిదా వేయమంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎల్బీనగర్ తబలా · ఆదివారం, రాత్రి 10:15

అన్నా, వాయిదా మాత్రం వద్దు. వాయిదా వేసిన నాటకం మళ్లీ వేసినవాళ్లని నేను చూడలేదు. ఒకరికి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, ఒకరింట్లో పెళ్లి, అంతే సంగతులు. ట్రాక్ పెట్టుకుని వెయ్యండి. ఈ రోజుల్లో పెద్ద నాటక సమాజాలు కూడా కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వాడుతున్నాయి, తప్పేముంది? నేను తబలా వాయించేవాణ్ని, నాకూ లైవే ఇష్టం, కానీ ముందు నాటకం జరగాలి కదా.

చిక్కడపల్లి బాబాయి · సోమవారం, ఉదయం 6:05

నాయనా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సెకన్లు లెక్కపెట్టుకుంటున్నానన్నావు చూడు, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

పాటకి తాళం ఉంటుంది, పద్యానికి ఉండదు. మన నాటకంలో పద్యం రాగంలో నడుస్తుంది గానీ ఆదితాళమో రూపకమో వేసుకుని నడవదు. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ మాటలా విసరాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నది ఆ రాత్రి, ఆ సభ, ఎదురుగా ఉన్న పాత్రధారి మొహం చూసి నిర్ణయమవుతుంది. పాటకైతే ట్రాక్ పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. పద్యానికి పెడితే నీ ఊపిరిని ముందే ఇంకొకడు కొలిచి పెట్టినట్టు.

ఒక సంగతి చెప్తాను. 1980ల్లో బ్యాంకు ఉద్యోగుల పోటీల్లో నేను కృష్ణుడు వేశాను. ఆ రోజు పొద్దుటి నుంచీ గొంతు బొంగురు. మిరియాల కషాయం తాగాను, ఏమీ లాభం లేదు. తెర లేచింది. మొదటి పద్యం పై షడ్జమం, అంటే పై 'స', దగ్గర గొంతు జీర వచ్చింది, ఎలాగో దాటించాను. రెండో పద్యం ఎత్తుకోబోతుంటే హార్మోనియం నాకు అరమెట్టు కింద శ్రుతి, అంటే పాడే ఆధార స్వరం, ఇచ్చింది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మధ్యలో భీష్ముడి వచనం ఒకటి ఉంది, ఆ సందులో మార్చేశాడు. సభలో ఎవరికీ తెలియలేదు. నాటకం అయ్యాక వెళ్లి కాళ్లకి దండం పెట్టబోతే "మీరు పాడే ముందు గుటక వేశారు, అది చూశాను" అన్నాడాయన. అంత దగ్గరగా చూస్తాడు మంచి హార్మోనిస్టు. వేషం లేకుండా సభలో ఉన్న ఇంకో పాత్రధారి అతను.

పూర్వం మైకులు లేని రోజుల్లో కాలితో తొక్కే హార్మోనియం ఉండేది, రెండు చేతులూ మెట్ల మీదే, ఆ నాదం చివరి వరుసదాకా వెళ్లేది. ఇదే వాద్యం మన రాగాలకి పనికిరాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా పక్కన పెట్టింది. గమకం, అంటే స్వరం ఊగుతూ జారడం, పలకదని వాళ్ల అభ్యంతరం, శాస్త్రీయ సంగీతం లెక్కలో అందులో నిజం ఉంది. కానీ ఆ ముప్పై ఏళ్లూ మన పల్లెల్లో నాటకం నడిచింది దాని మీదే. నాటకంలో దాని పని గమకం పలికించడం కాదు, నటుణ్ని విడిచిపెట్టకుండా ఉండటం.

ఎల్బీనగర్ తబలా · సోమవారం, ఉదయం 8:40

బాబాయ్ గారూ, మీరు చెప్పింది కాదనలేను. కానీ అలాంటి మనిషి ఇప్పుడు ఎక్కడ దొరుకుతాడు? మేం కాలేజీలో ఉన్నప్పుడు ట్రాక్ లేకపోతే మాకు నాటకమే లేదు. హార్మోనిస్టుకి దారి ఖర్చులు ఇవ్వడానికి కూడా మా దగ్గర డబ్బుల్లేవు. ఒక సెల్‌ఫోను, ఒక స్పీకరు, వాటితోనే మూడు నాటకాలు వేశాం, మాలో ఇద్దరు ఇప్పటికీ వేస్తున్నారు. ట్రాక్ మమ్మల్ని రంగం మీద నిలబెట్టింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

చిక్కడపల్లి బాబాయి · సోమవారం, ఉదయం 8:55

తక్కువ చేయలేదు తమ్ముడూ. మూడు నాటకాలు వేశామన్నావే, అది గొప్ప విషయం. పద్యం సంగతి వేరు అంటున్నాను, అంతే.

మల్కాజిగిరి టీచర్ · సోమవారం, మధ్యాహ్నం 1:20

లంచ్ టైములో రాస్తున్నాను. ట్రాక్‌తో ఇంకో ఇబ్బంది ఉంది, మియాపూర్ తమ్ముడు మర్చిపోయాడు. నా శ్రుతి అయిదు, అతనిది ఒకటిన్నర. కౌరవ సభలో నేనొక పద్యం, వెంటనే అతనొక పద్యం, మధ్యలో కర్ణుడు. హార్మోనిస్టు అయితే చెయ్యి జరిపి షడ్జమం మార్చేస్తాడు. ట్రాక్ అయితే ఎవరో ఒకరు ఫోను పట్టుకుని కూర్చుని సరిగ్గా సమయానికి నొక్కుతూ ఉండాలి. ఎలాగూ ఒక మనిషిని కూర్చోబెట్టాలి కదా, ఆ మనిషి ముందు హార్మోనియమే పెడదాం.

మా స్కూల్లో ఒక చేతి హార్మోనియం ఉంది. వానాకాలంలో చెక్క ఉబ్బి రెండు మెట్లు నొక్కితే పైకి లేవడం లేదు, తిత్తిలో కూడా ఎక్కడో గాలి పోతోంది. రిపేరు చేయిస్తే పనికొస్తుంది. హెడ్మాస్టరు గారిని అడిగాను, తీసుకెళ్లమన్నారు. వాయించే మనిషే కావాలి.

గచ్చిబౌలి పియానో · సోమవారం, రాత్రి 11:30

నేను ఈ గ్రూపులో ఎప్పుడూ చదవడమే గానీ రాయలేదు. నాకు పద్య నాటకం గురించి పెద్దగా తెలియదు. చిన్నప్పుడు మా తాతయ్య పాడితే విన్నాను. నాకు పిచ్చి ఇంగ్లిష్ మ్యూజికల్స్ మీద. ఆఫీసు పని మీద ఏడాది లండన్‌లో ఉన్నప్పుడు జీతంలో మిగిలిందంతా టికెట్లకే పెట్టాను. 1985లో అక్కడ మొదలైన లే మిజరాబ్ల్ మూడుసార్లు చూశాను, దాదాపు మొత్తం పాటగానే నడుస్తుంది, మాట్లాడే వచనం చాలా తక్కువ.

బాబాయ్ గారు రాసింది చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది, ఎందుకంటే వాళ్లకీ అచ్చం ఇదే ఉంది. వేదిక ముందు గోతిలో వాద్యబృందం ఉంటుంది. మనం వెనక్కి తిరిగి చూస్తే బాల్కనీ అంచుకి చిన్న టీవీ కనిపిస్తుంది, అందులో కండక్టర్ ఉంటాడు, నటులు తల తిప్పకుండా అతన్ని చూడటానికి. అతను నటుల్ని చూస్తూ ఉంటాడు. వాళ్ల స్వరలిపిలో కొన్నిచోట్ల వాంప్ అని రాసి ఉంటుంది. అంటే ఒక చిన్న స్వరాల ముక్కని నటుడు మాట పూర్తి చేసేదాకా తిప్పి తిప్పి వాయిస్తూ ఉండాలి, అతను పాట అందుకోగానే ముందుకి వెళ్లాలి. ఎన్నిసార్లు తిప్పాలో ఎక్కడా రాసి ఉండదు. ఆ రోజు నటుడు నడుచుకుంటూ వచ్చేసరికి ఆలస్యమైతే ఆరుసార్లు, తొందరగా వస్తే రెండుసార్లు. అన్ని కోట్లు పెట్టి ఆడించేచోట కూడా ఆ కొంచెం జాగా మనిషికి వదిలిపెట్టారు.

నేను పియానో ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను. హార్మోనియం ఎప్పుడూ ముట్టుకోలేదు, పద్యానికి ఎప్పుడూ వాయించలేదు. మీకు ఇంకెవరూ దొరక్కపోతే నేను ప్రయత్నిస్తాను. వద్దంటే ఏమీ అనుకోను.

మియాపూర్ మేడ · సోమవారం, రాత్రి 11:34

అక్కా, ఆదివారం నాలుగింటికి రండి. లొకేషన్ మెసేజ్ చేశాను.

ముందు వరుస · మంగళవారం, ఉదయం 7:10

నేను నటుణ్ని కాను, ప్రేక్షకుణ్ని. రవీంద్రభారతిలో, నాంపల్లి లలిత కళా తోరణంలో, చిక్కడపల్లి గానసభలో నాటకం ఉందంటే ముందు వరుసలో కూర్చుంటాను. పియానో అక్కకి ఒక సలహా. వాయించడం మొదలుపెట్టే ముందు సురభి వాళ్ల నాటకం ఒకటి చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైంది వాళ్ల కథ. ఇప్పుడు ఆ కుటుంబాలు కొన్ని శేరిలింగంపల్లిలోనే ఉంటున్నాయి, మీకు గచ్చిబౌలి నుంచి ఎంత దూరమని. పిల్లలు మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిరావడం చూడ్డానికి వస్తారు. మీరు మాత్రం వాద్యాల వాళ్లని చూడండి. నేనొకసారి నాటకం మొత్తం హార్మోనియం వాయించే ఆయన్నే చూశాను. రెండు గంటల్లో తన చేతుల వంక చూసుకున్నది నాలుగైదుసార్లు, అంతే.

అక్కడి వాళ్లకి ఇది పుట్టుకతో వచ్చే పని. ఊయలలో ఉన్న బిడ్డ బాలకృష్ణుడిగా రంగం మీదికి వస్తుంది, పెరిగి ప్రహ్లాదుడవుతుంది, తర్వాత హిరణ్యకశిపుడో లీలావతో. మీ ఏడుగురికి ఆదివారం ఒక్కటే ఉంది కాబట్టి నిరుత్సాహపడకండి.

ఓయూ హాస్టల్ · మంగళవారం, సాయంత్రం 6:45

నమస్తే. మాది జనగామ దగ్గర ఊరు. మా తాత చిందు భాగోతం అంటే ప్రాణం పెట్టేవాడు, రాత్రంతా చూసి తెల్లారి పొలానికి పోయేవాడు. అక్కడ కూడా పాడేటాయన ఒక మాట అంటే వెనకున్నవాళ్లు అందుకుంటరు, తాళం, మద్దెల, హార్మోనియం అన్నీ ఆయన కాలు కదిలినదాన్ని బట్టే. ట్రాక్ పెట్టి భాగోతం ఆడటం నాకు ఊహకే అందట్లేదు.

నాది ఒక ప్రశ్న. మీ హాల్లో కూర్చునే పిల్లలకి ఆ పద్యాలు అర్థమైతయా? నేను తెలుగు మీడియంలో చదివినోణ్ని, నాకే సగం అర్థం కావు. రాయబారం రాసిన తిరుపతి వేంకట కవుల భాష గట్టిది. అర్థం కాకుండా రాగం వినుమంటే పిల్లలు పదినిమిషాలకి ఫోను తీస్తరు.

మల్కాజిగిరి టీచర్ · మంగళవారం, రాత్రి 9:00

చాలా మంచి ప్రశ్న వేశావు నాన్నా. ముప్పై ఏళ్లుగా క్లాసులో పద్యం చెప్తున్నాను, నా అనుభవం ఏమిటంటే సగం తప్పు మనం విరిచే చోట ఉంటుంది. సంగీతం నేర్చుకుని వచ్చినవాళ్లు యతి స్థానం దగ్గర ఆపుతారు, అది విశ్రాంతి అనుకుంటారు. సంస్కృతంలో యతి అంటే విరామమే. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి, పాదం మొదటి అక్షరంతో ఆ చోటి అక్షరం కలవడం, అక్కడ ఆగాలని లేదు. శార్దూలంలో పదమూడో అక్షరం, మత్తేభంలో పద్నాలుగో అక్షరం మాట మధ్యలో పడవచ్చు. అక్కడ ఊపిరి తీసుకుంటే మాట రెండు ముక్కలైపోయి తెలుగు పండితుడికి కూడా అర్థం కాదు. పాదం చివర కూడా అంతే, మాట కింది పాదంలోకి కొనసాగుతుంటే ఆగకూడదు.

అందుకని మేం ముందు పద్యాన్ని వచనంలా చదువుతాం, రాగం లేకుండా, ఎదుటివాడితో మాట్లాడుతున్నట్టు. ఎక్కడ ఆగితే అర్థం తెలుస్తుందో పెన్సిలుతో గీత పెట్టుకుంటాం. ఆ గీతల దగ్గరే ఊపిరి. రాగం ఆ తర్వాతే. మియాపూర్ తమ్ముడు మొదట్లో ప్రతి పాదం చివరా ఒక నిమిషం రాగం తీసేవాడు, ఇప్పుడు పద్యానికి ఒక్కచోట తీస్తున్నాడు, ఆ ఒక్కచోటే దుర్యోధనుడి అహంకారం తెలుస్తోంది.

పిల్లల కోసం గోడ మీద ప్రొజెక్టరుతో పద్యం చూపిద్దామా? హాల్లో ఎలాగూ ఉంది.

ఓయూ హాస్టల్ · మంగళవారం, రాత్రి 9:12

పద్యం పాదం పాదంగా పెట్టి, కింద ఒక్క లైనులో మామూలు మాటల్లో అర్థం పెడితే బాగుంటది మేడం. నేను టైప్ చేసి స్లైడ్లు చేసిస్త. నడిపించడానికి కూడా వస్త, ట్రాక్ లెక్క దానంతట అదే పోయేటట్టు పెట్టొద్దు.

మియాపూర్ మేడ · ఆదివారం, రాత్రి 10:20

మొదటి రిహార్సల్ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హార్మోనియం రిపేరుకి సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం, మెట్లు అరగదీసి, తిత్తికి కొత్త తోలు అతికించి ఇచ్చారు. బాబాయ్ గారు చిక్కడపల్లి నుంచి మెట్రో ఎక్కి మియాపూర్ దాకా వచ్చారు, నాలుగో అంతస్తు మేడ మెట్లు కూడా ఎక్కారు. ఆయన వయసు డెబ్భై దాటింది.

పియానో అక్క మొదట నా పద్యం వెనక రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కారు, పియానో పద్ధతిలో. చెవికి ఇంపుగానే ఉంది కానీ నాకు పాడబుద్ధి కాలేదు, ఎటు వెళ్దామన్నా గోడలు ఉన్నట్టు అనిపించింది. బాబాయ్ గారు ఆపి "అమ్మా, ఒక్క స్వరమే, ఆయన ఎక్కడుంటే అక్కడ" అన్నారు. తర్వాత ఆమె నా కంటే ముందు పోతున్నారు, సంగీతం తెలిసినావిడ కాబట్టి నేను ఎక్కడికి వెళ్తానో ముందే పట్టేస్తున్నారు. అప్పుడు బాబాయ్ గారు హార్మోనియం మెట్ల మీద తన కండువా కప్పేశారు. "చేతులు చూడకు, పెదాలు చూడు. అతను పలికాక నువ్వు పలుకు, ఊపిరి తీసుకుంటే ఆ సందులో అతను వదిలిన చివరి ముక్క మళ్లీ అను, అంతకు మించి ఏమీ వద్దు."

గంటన్నర అదొక్కటే చేశాం. చివరి అరగంట కుదిరింది. నేను ఆ మూడో పాదంలో కావాలనే రోజూకంటే ఎక్కువ తీశాను, ఆవిడ అక్కడే ఉన్నారు. ఇంకా తీశాను, ఉన్నారు. దిగాను, దిగారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

గచ్చిబౌలి పియానో · ఆదివారం, రాత్రి 11:05

నాకూ వచ్చాయి. ఎనిమిదేళ్లలో నేను ఎప్పుడూ ఇంకొకరి మొహం చూస్తూ వాయించలేదు, కాగితం చూస్తూనే వాయించాను. కండువా నా దగ్గరే ఉండిపోయింది బాబాయ్ గారూ, వచ్చే వారం తెస్తాను.

చిక్కడపల్లి బాబాయి · సోమవారం, ఉదయం 5:50

ఉంచుకో తల్లీ.

ఎల్బీనగర్ తబలా · సోమవారం, ఉదయం 9:15

నేను కూడా వస్తున్నాను. ప్రవేశాలకీ, మధ్యలో ఉన్న ఒక్క పాటకీ తబలా వేస్తాను, పద్యం జోలికి రాను. ఆ పాటకి మాత్రం వెనక తంబూరా యాప్ పెట్టుకుందాం, దానికైనా ఒప్పుకోండి.

మల్కాజిగిరి టీచర్ · సోమవారం, మధ్యాహ్నం 1:05

ఒప్పుకున్నాం.

మియాపూర్ మేడ · ఆదివారం, మధ్యాహ్నం 12:30

నిన్న నాటకం అయిపోయింది. ఇప్పుడే లేచాను, గొంతు లేదు, అందుకే రాస్తున్నాను.

కుర్చీలు నూట ఇరవై వేస్తే నిండాయి, గోడల పక్కన కూడా నిలబడ్డారు. పదింటి తర్వాత మైకు వాడకూడదు కాబట్టి ఏడున్నరకే మొదలుపెట్టాం. తెర వెనక అందరం కలిసి పరబ్రహ్మ ప్రార్థన పాడుతుంటే బయట పెద్దవాళ్లు కొందరు లేచి నిలబడ్డారట, తర్వాత చెప్పారు.

బాగాలేనివి ముందు చెప్తాను. హాలు కప్పు తక్కువ ఎత్తు, తబలా శబ్దం కొట్టుకొచ్చి మొదటి పది నిమిషాలు మా మాటలు వినిపించలేదు, తమ్ముడు గమనించి కిందికి ఒక దుప్పటి వేసుకున్నాడు. అద్దెకి తెచ్చిన కిరీటం నా తలకి పెద్దది, దూది పెట్టినా పక్కకి ఒరుగుతోంది, తల తిప్పాల్సినచోట తిప్పలేకపోయాను. కర్ణుడు ఒక వచనం పూర్తిగా వదిలేశాడు. ఇవన్నీ వచ్చేసారికి సరిచేసుకోవాలి.

స్లైడ్ల ఆలోచన చాలా బాగా పనిచేసింది. ఓయూ తమ్ముడు మా పెదాలు చూస్తూ పాదం పాదం మార్చాడు. పిల్లలు అక్షరాలు వెంబడి చదువుతున్నారు, కొందరు పైకే చదివారు. మూడో అంతస్తు తమిళ కుటుంబం అర్థం లైను చూసి తలూపారు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. టీచర్ గారు కృష్ణుడిగా యుద్ధం వస్తే ఏమవుతుందో చెప్పే పద్యం పాడారు. పాడటం అయింది, ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అప్పుడు రెండో వరుసలోంచి సి బ్లాకు మామ్మగారు, ఎనభై ఏళ్లుంటాయి, లేచి నిలబడి "వన్స్‌మోర్" అన్నారు. ఆ మాట నేను పెద్దవాళ్ల నోట కథలుగా విన్నదే గానీ నా కళ్లతో చూడటం ఇదే మొదలు. టీచర్ గారు పియానో అక్క వంక చూశారు, అక్క తలూపారు.

రెండోసారి టీచర్ గారు అలాగే పాడలేదు. మొదటిసారి గట్టిగా, హెచ్చరికలాగా పాడినదాన్ని ఈసారి సగం గొంతుతో, బతిమాలుతున్నట్టు పాడారు. రాగం దాదాపు తీయలేదు. హార్మోనియం కూడా తిత్తి సగమే ఊది, వినీ వినిపించనంత సన్నగా వెంట నడిచింది. ఎక్కడా రిహార్సల్ చేసింది కాదది. నేను దుర్యోధనుడిగా ఎదురుగా కూర్చుని ఉన్నాను, నా తర్వాతి పద్యం కోపంగా పాడాలి, మొదటిసారి ఎలా పాడేవాణ్నో అలా పాడలేకపోయాను. నెమ్మదిగా, మొండిగా పాడాను. ఆ పాత్ర నాకు నిన్న అర్థమైంది, రెండేళ్ల తర్వాత.

మల్కాజిగిరి టీచర్ · ఆదివారం, మధ్యాహ్నం 2:40

మామ్మగారు అడిగినప్పుడు ఆవిడ గొంతు వణికింది. ఆవిడకి హెచ్చరిక చెప్పాలనిపించలేదు నాకు, అందుకే అలా పాడాను. తర్వాత మాట్లాడాను, వాళ్ల నాన్నగారు తెనాలిలో నాటకాలు వేసేవారట.

ఎల్బీనగర్ తబలా · ఆదివారం, సాయంత్రం 5:00

ఆ రెండోసారి ట్రాక్‌తో సాధ్యం కాదు, ఒప్పుకుంటున్నాను. మొదటిసారి పాడినట్టే మళ్లీ పాడాల్సి వచ్చేది. కానీ బాబాయ్ గారూ, హార్మోనిస్టు లేని కాలేజీ పిల్లలు నన్ను అడిగితే మాత్రం ఇప్పటికీ ట్రాక్ పెట్టుకునైనా వెయ్యమనే చెప్తాను.

చిక్కడపల్లి బాబాయి · ఆదివారం, సాయంత్రం 5:30

చెప్పు. చెప్పి, ఆ పిల్లల్లో ఒకణ్ని పియానో అమ్మాయి దగ్గరికి పంపు.

ఓయూ హాస్టల్ · ఆదివారం, రాత్రి 8:15

నేనే వస్త. నాకు కీబోర్డు కొంచెం వచ్చు. తర్వాత ఏం వేస్తున్నరు? హరిశ్చంద్రలో కాటిసీను వేద్దామా? జాషువా పద్యాలు వేదిక మీద వినాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

మల్కాజిగిరి టీచర్ · ఆదివారం, రాత్రి 8:50

నాకూ ఇష్టమే. ఒక సంగతి ముందే చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్లదాకా హక్కులు ఉంటాయి. తిరుపతి వేంకట కవుల్లో చివరగా పోయిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1950లో పోయారు కాబట్టి రాయబారానికి మనం ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి వారు 1953లో పోయారు, అదీ ఇబ్బంది లేదు. కానీ కాటిసీనులో పాడే శ్మశానం పద్యాలు జాషువా గారివి, ఆయన పోయింది 1971లో. అంటే 2031 చివరిదాకా హక్కులు ఉన్నట్టే. ఊరూరా అడక్కుండానే పాడుతున్నారని మనమూ అలాగే చేయొద్దు. ఎవరిని అడగాలో కనుక్కుని రాసి అడుగుదాం, ఆ ఉత్తరం నేను రాస్తాను.

ముందు వరుస · ఆదివారం, రాత్రి 9:05

ఒక్క మాట. నిన్న హార్మోనియాన్ని వేదికకి ఎడమ పక్కన, కొంచెం వెనక్కి పెట్టారు. దుర్యోధనుడు సింహాసనం మీద కూర్చుని పాడినప్పుడు అక్కకి అతని మొహం పక్కనుంచే కనిపించింది, రెండుసార్లు మెడ సాచి చూడటం గమనించాను. ఈసారి ముందుకి, ప్రేక్షకుల వైపు కిందికి జరపండి.

గచ్చిబౌలి పియానో · ఆదివారం, రాత్రి 9:20

నిజమే, మెడ ఇంకా నొప్పిగా ఉంది. ముందుకే జరుపుదాం. కాటిసీను అయితే హరిశ్చంద్రుడి మొహం చీకట్లో ఉంటుంది కదా, చిన్న దీపం ఒకటి అతని ముందు పెట్టాలి, నాకు పెదాలు కనిపించేటట్టు.

మియాపూర్ మేడ · ఆదివారం, రాత్రి 9:45

వచ్చే ఆదివారం నాలుగింటికి మళ్లీ మేడ మీదే. లిఫ్టు పనిచేయడం లేదు, బుధవారానికి బాగుచేస్తామన్నారు. కాకపోతే హార్మోనియం పట్టుకోవడానికి ఇద్దరు కింద ఉండండి, బాబాయ్ గారికి కుర్చీ మూడో అంతస్తు మలుపు దగ్గర వేసి ఉంచుతాను.